దిష్టి కాదు, నీళ్ళు

మొన్న ఆదివారం సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఎదురు ఫ్లాట్ ఆవిడ వచ్చి కూర్చుంది. టీ ఇచ్చాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మా గోల్డ్ ఫిష్ రెండూ పోయాయండీ. గృహప్రవేశానికి మా ఆడపడుచు తెచ్చింది. పోతే పోయాయిలెండి, ఇంటికున్న దిష్టంతా పట్టుకుపోయాయి, ఒకందుకు మంచిదే అన్నారు మా అత్తగారు. రేపు ఇంకో రెండు తెచ్చుకుంటాం" అంది.

నేను "అవునా" అని ఊరుకున్నాను. టీ తాగుతున్న మనిషితో వాదన ఏం పెట్టుకుంటాం! కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకంటే 5 ఏళ్ళ క్రితం మా ఇంట్లో కూడా అచ్చం ఇదే మాట అనుకున్నాం. ఆవిడ మొహం మీద చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటాను.

మా పాప ఏడో పుట్టినరోజుకి మావారు ఒక గాజు గిన్నె, ప్లాస్టిక్ కవర్లో రెండు గోల్డ్ ఫిష్, గుప్పెడు నీలం రాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క, మేత డబ్బా తెచ్చారు. షాపతను చెప్పిందల్లా రెండు ముక్కలు: రోజుకి రెండుసార్లు మేత వేయండి, వారానికోసారి నీళ్ళు మార్చండి. పాప ఆనందం చూడాలి! బంగారం, సింగారం అని పేర్లు పెట్టింది. సింగారం తోక మీద మినపగింజంత నల్లమచ్చ ఉండేది. అందుకని దానికి దిష్టి తగలదని మా అత్తయ్యగారు అంటే పాప నమ్మేసింది.

నాలుగో రోజుకి నీళ్ళు తెల్లగా పాలిపోయినట్టు అయ్యాయి. నాకు మరకంటే పడదు. స్టవ్ గట్టు మీద చుక్క నీరుంటే తుడిచేదాకా కాలు నిలవదు. చేపల్ని ఒక చెంబులోకి తీసి, గిన్నెని, రాళ్ళని, ప్లాస్టిక్ మొక్కని గిన్నెలు తోమే సబ్బుతో శుభ్రంగా తోమి, నాలుగుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, కుళాయి నీళ్ళు నింపి చేపల్ని మళ్ళీ వేశాను. గిన్నె తళతళలాడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తొమ్మిదో రోజు పొద్దున బంగారం పక్కకి వాలి తేలుతోంది.

పాప ఏడుపు ఆపడానికి అత్తయ్యగారు దగ్గరకి తీసుకుని, "ఏడవకూడదమ్మా, నీకు తగలాల్సిన దిష్టి అది తీసుకుపోయింది, మంచి చేప" అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు, అందులో నాకేం అనుమానం లేదు. పాప కళ్ళు తుడుచుకుని, "అయితే నానమ్మా, నాకు దిష్టి తగిలినప్పుడల్లా ఒక చేప చచ్చిపోవాలా?" అంది.

మేమెవ్వరం ఏమీ అనలేదు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇంకో వారానికి సింగారం కూడా పోయింది, పాప స్కూల్లో ఉండగా. ఈసారి ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆటో ఎక్కి షాపుకి వెళ్ళి అదే సైజుది, అదే రంగుది ఇంకోటి తెచ్చి గిన్నెలో వేసేశాను. పాప వచ్చి, బ్యాగ్ భుజాన ఉండగానే గిన్నె దగ్గరకి వెళ్ళి చూసింది. "అమ్మా, మచ్చేది?" అంది. "నీళ్ళు మార్చాను కదా, పోయింది" అన్నాను. అది చేప వంక చూడలేదు, నా వంక చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి బట్టలు మార్చుకుంది. ఆ తర్వాత మేత వేయమని నేను గుర్తుచేసినా వేసేది కాదు.

నేను భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్య పుట్టి పెరిగినదాన్ని. బొచ్చె, శీలావతి తప్ప ఇంకో మాట వినపడని ఊరు మాది. అయినా నాకు చేప గురించి ఏమీ తెలియదు, పులుసు పెట్టడం తప్ప. ఆ రాత్రి సిగ్గు విడిచి మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకి చెరువులున్నాయి. మొత్తం విని, "చచ్చేముందు పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "ఎన్ని లీటర్ల గిన్నె?" అన్నాడు. మూడో నాలుగో అన్నాను. కాసేపు నవ్వి, "అమ్మాయ్, మేం చేపల్ని పెంచం. నీళ్ళని పెంచుతాం. చేప దానంతటదే పెరుగుద్ది. తెల్లారుజామున లేచి నీళ్ళు చూసుకోనోడు చెరువు చేయకూడదు" అన్నాడు. అమ్మోనియా అనే మాట నేను మొదటిసారి విన్నది కెమిస్ట్రీ క్లాసులో, రెండోసారి విన్నది ఆ రాత్రి బాబాయి నోట.

ఆయన చెప్పింది, తర్వాత నేను నేర్చుకున్నది కలిపి నాకర్థమైనట్టు చెబుతాను. చేప తిన్నది విసర్జిస్తుంది, మొప్పల్లోంచి కూడా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళుతుంది. ఇదంతా అమ్మోనియా అవుతుంది. అది విషం. మొప్పల్ని కాల్చేస్తుంది. చెరువులో, ఏట్లో, పాతబడ్డ అక్వేరియంలో కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కాస్త నయం, మొక్కలకి ఆహారం. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు. రాళ్ళకి, ఇసుకకి, ఫిల్టర్లోని స్పాంజికి పట్టుకుని ఉంటుంది. కొత్త తొట్టిలో అది తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనేం చేశాను? అప్పుడప్పుడే రాళ్ళకి పట్టుకుంటున్న ఆ కాస్త బ్యాక్టీరియాని సబ్బు పెట్టి తోమేశాను. పైగా క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్ళు తిన్నగా పోశాను. క్లోరిన్ కలిపేదే క్రిముల్ని చంపడానికి. అది మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని చూడదు. చేప మొప్పల్నీ చూడదు.

ఇది వినగానే నాకు తట్టింది పెరుగు. మనం పాలల్లో తోడు వేసి, మూతపెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచుతామా లేదా? ఇంకా తోడుకోలేదేమని గంటకోసారి గరిటె పెట్టి తిప్పుతామా? మరిగే పాలల్లో తోడు వేస్తే విరిగిపోతుందని ఆరో తరగతి పిల్లకి కూడా తెలుసు. చేపల తొట్టి కూడా తోడుకోవాలి. తోడుకోకముందే చేపల్ని వేయడమంటే పచ్చిపాలు పోసి పెరుగన్నం కలిపినట్టు. ఇంత సంగతి మనకి తెలిసి ఉండి కూడా మనం చేపల్ని చంపుతున్నాం. షాపులో ఒక్కరు "తోడు" అన్న మాట వాడి ఉంటే నాకు ఆ క్షణంలోనే అర్థమయ్యేది.

మర్నాడు పొద్దున పాపని పక్కన కూర్చోబెట్టుకుని నిజం చెప్పాను. సింగారం చచ్చిపోయింది, ఇది వేరే చేప, నేను అబద్ధం చెప్పాను, నేను కడిగిన పద్ధతి తప్పు, దిష్టి కాదు అని. పాప "నాకు తెలుసు" అంది. "తెలిస్తే అప్పుడే ఎందుకు అనలేదే?" అంటే "నువ్వు బాధపడతావని" అంది. ఏడేళ్ళ పిల్ల నన్ను ఓదార్చడానికి పదిరోజులు నోరు మూసుకుని ఉంది. దీనికంటే చేప చచ్చిపోయిందని నాలుగు రోజులు ఏడిస్తేనే నయం కదా!

నా అభిప్రాయం ఇదీ. దిష్టి మీద నమ్మకం ఉన్నవాళ్ళని నేనేం అనను. మా గుమ్మానికీ గుమ్మడికాయ వేలాడుతోంది. కానీ ఆ మాట మనకి చాలా సౌకర్యంగా ఉంది, నాకున్న పేచీ దాంతోనే. చేప పోతే దిష్టి పోయింది అనుకుంటే ఎందుకు పోయింది అని అడగక్కర్లేదు. నీళ్ళు చూడక్కర్లేదు. మర్నాడు ఇంకో రెండు తెచ్చుకోవచ్చు. అలా ఏడాదికి పది చేపలు పోయినా ఇంట్లో ఎవరికీ తప్పు చేశామని అనిపించదు. పిల్లలు మాత్రం చూస్తూనే ఉంటారు. ప్రాణం పోతే బజారుకెళ్ళి ఇంకోటి తెచ్చుకోవడమే అని నేర్చుకుంటారు.

"చేపల పులుసు తింటూ ఈ నీతులేంటి?" అని మా తమ్ముడు వెక్కిరించాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. తింటాను, మానలేదు. నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. తినడానికి తెచ్చినదాన్ని తినడం కోసం తెచ్చామని మనకి తెలుసు. చూసుకుంటామని ఇంట్లోకి తెచ్చినదాన్ని చూసుకోవాలి. అంతవరకే నాకు తోచింది.

ఆ మూడో చేపని షాపతని బతిమాలి వెనక్కి ఇచ్చేశాం. గోల్డ్ ఫిష్ జానెడు పెరుగుతుందని, సరిగ్గా చూస్తే పదేళ్ళకి పైగా బతుకుతుందని అప్పటికి తెలిసింది. దాన్ని మూడు లీటర్ల గిన్నెలో పెట్టడమంటే మనిషిని స్నానాలగదిలో కాపురం పెట్టమన్నట్టే. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కొన్నాం. లెక్కకడితే 55 లీటర్ల పైనే. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి ఇసుక, గాజు అన్నీ కలిపి ఒక పెద్దమనిషి బరువు. మావారు టీవీ స్టాండ్ మీద పెడదామన్నారు. దేవుడి దయవల్ల నేనొప్పుకోలేదు.

ఇక మొక్కల సంగతి. ఇది చెప్పడం మొదలుపెడితే నేను ఆగను, ముందే చెబుతున్నాను. ప్లాస్టిక్ మొక్కలు పారేశాం. మన చెరువుల్లో కూడా కనిపించే హైడ్రిల్లా, రిబ్బన్లలా నిలువుగా పెరిగే వాలిస్నేరియా తెచ్చి నాటాను. జావా ఫెర్న్‌ని, అనుబియాస్‌ని ఇసుకలో పాతకూడదు, పాతితే వాటి దుంప కుళ్ళిపోతుంది. కర్రకో రాయికో దారంతో కట్టాలి. పూలమాలలు కట్టే చేతులు మనవి, ఇదేం లెక్క! ఇంకోటి క్రిప్టోకొరైన్ అని, తెచ్చిన వారానికే ఆకులన్నీ కరిగి జారిపోయాయి. చచ్చిపోయిందనుకుని పీకబోతే బాబాయి కొడుకు వద్దన్నాడు. నీళ్ళు మారితే దాని ఆకులు అలా రాలిపోతాయట, వేరు బతికే ఉంటుందట. మూడు వారాలకి అడుగునుంచి చిన్న చిగురు వచ్చింది. కొత్తగా అత్తారింటికి వచ్చిన రోజుల్లో నేనూ అలాగే ఉండేదాన్ని. మా అమ్మ చూసి చిక్కిపోయానని ఏడ్చింది. దానికి నా పేరే పెట్టుకోవాలనిపించింది.

అన్నిటికంటే చవకైన మొక్క మన వంటింటి కిటికీలోనే ఉంది. మనీ ప్లాంట్ తీగని కోసి, వేళ్ళు నీళ్ళలో ఉండేట్టు, ఆకులు బయట ఉండేట్టు తొట్టి అంచుకి తగిలించాను. నైట్రేట్‌ని పీల్చుకుని ఎలా పెరిగిందంటే, ఇప్పుడు కర్టెన్ రాడ్ దాకా పాకింది. బతికున్న మొక్క అందం ఒక్కటే కాదు. అది నీళ్ళని తినిపెడుతుంది, పగలు వెలుతురులో ప్రాణవాయువు ఇస్తుంది, పిల్లచేపలకి దాక్కునే చోటు ఇస్తుంది. రాత్రిళ్ళు మొక్కలు కూడా ప్రాణవాయువు వాడుకుంటాయి, అందుకే తెల్లవారుజామున నీళ్ళలో అది బాగా తగ్గుతుంది. బాబాయి తెల్లారకముందే చెరువు గట్టు మీద ఎందుకుంటాడో నాకు నలభై ఏళ్ళ వయసులో అర్థమైంది. లైటు మాత్రం రోజుకి ఆరేడు గంటలు చాలు. ఎక్కువైతే గాజంతా పాకుడు పట్టేస్తుంది. టైమర్ పెట్టుకోండి, మన మతిమరుపుని నమ్ముకోకుండా.

నీళ్ళన్నీ ఒకేసారి మార్చేది ఎప్పుడూ లేదు. వారానికోసారి నాలుగో వంతు తీసి, ఆ నీళ్ళు కరివేపాకు కుండీకి పోస్తాను (కరివేపాకు ఎలా ఉందో వచ్చి చూడండి). కొత్త నీళ్ళు ఒకరోజు ముందే బకెట్లో పట్టి ఉంచుతాను, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాను. ఆ బకెట్, ఆ మగ్గు వేరు, వాటికి సబ్బు తగలకూడదు. స్పాంజిని కుళాయి కింద కాదు, తీసిన తొట్టి నీళ్ళలోనే రెండుసార్లు పిండుతాను. అది గోధుమరంగులో మురికిగా ఉంటుంది. ఉండనీ. తోడు గిన్నెని ఎవరైనా తోముతారా?

శుభ్రం తర్వాత మనం చేపల్ని చంపే రెండో ఆయుధం తిండి. మనకి ప్రేమంటే పెట్టడమే. ఇంటికొచ్చినవాళ్ళు వద్దన్నా ఇంకో గరిటె వడ్డిస్తేగానీ తృప్తి ఉండదు. మా అత్తయ్యగారు తొట్టి పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా చేపలు పైకొచ్చి ఆవిడ వెంటే తిరిగేవి. "పాపం ఆకలేస్తోందే వీటికి" అని ఒక చిటికెడు. మధ్యాహ్నం మావారు ఒక చిటికెడు. సాయంత్రం పాప. నేను వంతుగా పొద్దునే వేసి ఉంటాను. నీళ్ళు మసకబారాయి. చేప పైకి రావడం ఆకలి కాదు, అలవాటు. రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకి ఒకసారో రెండుసార్లో చాలు. చివరికి వారం రోజుల మాత్రల డబ్బా ఉంటుంది చూడండి, గళ్ళతో, మా అత్తయ్యగారిది పాతది ఒకటి తీసుకుని రోజు మేత ఒక్కో గదిలో పోసి పెట్టాను. గది ఖాళీగా ఉంటే ఆ రోజుకి అయిపోయినట్టే. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాలుగు రోజులు ఎవరికీ అప్పజెప్పలేదు. బాగున్న పెద్దచేపలు నాలుగైదు రోజులు తిండి లేకుండా ఉండగలవు. దయగల పక్కింటివాళ్ళు దొరికితేనే ప్రమాదం.

చేపలుగా గప్పీలు, జీబ్రా డానియోలు తెచ్చాం. జీబ్రా డానియో మన దేశపు చేపే, ప్రపంచమంతా ల్యాబుల్లో పరిశోధనలకి వాడే జీబ్రా ఫిష్ ఇదే. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. మగవి ఆడవాటిని తిననివ్వవు, నిలవనివ్వవు, పగలంతా వెంటపడుతూనే ఉంటాయి. అందుకని ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండేట్టు తీసుకోవాలి. ఇది చదివి మా చెల్లెలు ఏదో అనబోతుంది, నాకు తెలుసు.

షాపులో గాజు శుభ్రం చేస్తుందని అంగుళం పొడవున్న సక్కర్ ఫిష్ ఇస్తామంటారు. వద్దనండి. అది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఎక్కడ పెట్టాలో తెలియక చంపడానికి మనసొప్పక జనం చెరువులో వదిలేస్తారు, పుణ్యమనుకుని. ఆ పుణ్యమే ఇవాళ కృష్ణా గోదావరుల్లో, చెరువుల్లో డెవిల్ ఫిష్ అయి కూర్చుంది. గట్లు తొలుస్తుంది, ముళ్ళతో వలలు చింపుతుంది, తినడానికి పనికిరాదు. బాబాయి దాని పేరెత్తితే తిట్లు తప్ప మాటలుండవు. మొక్కలూ అంతే. మన కాలవల్ని కప్పేసిన గుర్రపుడెక్క కూడా పూలు బాగున్నాయని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నదే. తొట్టిలో కత్తిరించిన ముక్కల్ని నేను ఎండబెట్టి కుండీలో వేస్తాను తప్ప కాలవలో వేయను.

ఎవరు చేయాలి ఈ పనంతా? అసలు గొడవ ఇక్కడే ఉంది. కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కొంటారు, నెల తిరిగేసరికి మన ఒక్కళ్ళ మెడకి చుట్టుకుంటుంది. కుక్కపిల్లైనా, తులసికోటైనా, చేపలైనా అంతే. నేను తొట్టి కొనకముందే డైనింగ్ టేబుల్ దగ్గర పంచాయితీ పెట్టాను. బకెట్లు మోయడం మావారిది. 15 లీటర్లు ప్రతి ఆదివారం, క్రికెట్ ఉన్నా సరే. నీళ్ళ పరీక్ష పాపది. మా కిట్లో అమ్మోనియా లేకపోతే పసుపురంగు, ఉంటే ఆకుపచ్చ. మొదటి నెలంతా చేపల్లేని తొట్టికి అది రోజూ పరీక్ష చేసి క్యాలెండర్ మీద రంగు పెన్సిల్‌తో రాసేది. ముప్పై నాలుగో రోజున పసుపు వచ్చింది. నైట్రైట్ కూడా లేదు. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాం.

ఈ ఐదేళ్ళలో మా తొట్టిలో చేపలు చచ్చిపోలేదా అంటే, పోయాయి. ఒక మే నెలలో కరెంటు పోయి, నీళ్ళు వేడెక్కి, మేం పెళ్ళి నుంచి వచ్చేసరికి మూడు పోయాయి. వేడినీళ్ళలో ప్రాణవాయువు నిలవదు. అది మా తప్పే, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు అంతకుముందే కొనుక్కోవాల్సింది. పాప వాటిని మందారచెట్టు మొదట్లో పాతిపెట్టింది. అత్తయ్యగారు పక్కన నిలబడి చూశారు. దిష్టి మాట ఎత్తలేదు. "ఫ్యాను పెట్టి ఉండాల్సిందే" అన్నారు, అంతే.

కాబట్టి పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్టుగా ఫైటర్ చేపని డబ్బాలో పెట్టి పంచడం, గృహప్రవేశానికి గిన్నెతో సహా గోల్డ్ ఫిష్ తీసుకెళ్ళడం దయచేసి మానండి. ఇవ్వాలనుంటే నాలుగు మొక్కలివ్వండి. లేదా ఖాళీ తొట్టి, ఫిల్టర్ ఇచ్చి నెల తర్వాత చేపలకి మీరే తీసుకెళ్ళండి.

మొన్నటి సంగతికి వస్తాను. సోమవారం పొద్దున ధైర్యం చేసి ఎదురింటి బెల్లు కొట్టాను. చేపలు ఇంకా తేలేదు, బతికించారు. "తెద్దురుగాని, ముందు మా దగ్గర చిన్న తొట్టి ఖాళీగా ఉంది, అది వాడండి" అని, మా ఫిల్టర్ స్పాంజిలో సగం కోసి, మా తొట్టి నీళ్ళలో ముంచి కవర్లో తెచ్చిచ్చాను. కవర్లో గోధుమరంగు నీళ్ళు చూసి ఆవిడ మొహం అదోలా పెట్టింది. "తోడండీ" అన్నాను. అప్పుడు తీసుకుంది. రోజూ చిటికెడు మేత వేయమని, అది కుళ్ళితేనే ఆ బ్యాక్టీరియాకి తిండి అని చెప్పాను.

ఇవాళ వాళ్ళ అత్తగారు వరండాలో నన్ను పట్టుకున్నారు. "చేపల్లేని తొట్టికి మేతేంటమ్మా, మా కోడలికి ఏం చెప్పావు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా పాప లోపలికి వెళ్ళి టెస్ట్ కిట్ తెచ్చుకుని, "రండి బామ్మగారూ, చూపిస్తాను" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని వాళ్ళింట్లోకి వెళ్ళింది. గంటయింది, ఇంకా రాలేదు.